మూడు చీరల పొడవు ప్లాట్‌ఫారం

మంజునాథ్ మా ఇంటికి ఒక మిఠాయి పెట్టె, ఒక పాత ఫోటో పట్టుకుని వచ్చాడు. బెంగళూరు కాటన్‌పేటలో మా ఇల్లు కనుక్కోవడం అంత తేలిక కాదు. కింద నూలు దుకాణాలు, వాటి మధ్య సందు, సందు నిండా మూటలు, ఆ మూటలు దాటాక ఇరుకు మెట్లు. యాభై దాటిన భారీ మనిషి, ఆయాసపడుతూ ఎక్కి వచ్చి, కూర్చుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగాక గానీ మాట్లాడలేకపోయాడు. ఆనేకల్ దారిలో ఉన్న మా పుట్టినూరి వాడే. ఆ ఊళ్ళో రైసుమిల్లు ఉండేది, దాని యజమానికి ఇతను మనవడు. మిల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో అపార్టుమెంట్లు కట్టి అమ్ముకున్నాడు. ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే అతని అపార్టుమెంట్లకు నేను ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది.

"స్టేషను కొత్తగా కడతా ఉండారు అక్కా. ఓపెనింగు రోజు చరిత్ర బోర్డు ఒకటి పెడదామని మా సమితి ఆలోచన. మీరు బుక్కులు రాస్తారు కదా, వంద మాటలు రాసిస్తే సాలు, ఎక్కువ వద్దు," అన్నాడు. ఆ సమితికి అధ్యక్షుడు తనేనని మిఠాయి పెట్టె మూత తీస్తూ చెప్పాడు. తర్వాత ఫోటో నా ముందు పెట్టాడు. మట్టి ప్లాట్‌ఫారం మీద కుర్చీ, కుర్చీలో తలపాగా, చేతికర్రతో వాళ్ళ తాత. బోర్డు మీద ఆ ఫోటో వస్తుందట, కింద 'ప్లాట్‌ఫారం కట్టించిన దాత' అని ఉంటుందట. మిగతా వంద మాటలు నావట.

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "మీ తాత ఆ ప్లాట్‌ఫారం మీద కుర్చీ వేయించుకున్నాడు మంజూ. కట్టించలేదు," అన్నాను. అతను మర్యాద తప్పకుండా, ప్రూఫ్ ఏమన్నా ఉందా అక్కా అని అడిగాడు. ఫోటో కుడి అంచు చూడమన్నాను. అక్కడ సగం తెగిపోయి ఒక మట్టి తట్ట కనిపిస్తుంది. "మీ తాత తట్ట మోశాడా?" అన్నాను. చిన్నప్పటినుంచి వాళ్ళ హాల్లో వేలాడుతున్న ఫోటో అది. అందులో తట్ట ఉందని అతనికి ఆ రోజే తెలిసింది. ఫోటో దగ్గరగా పెట్టుకుని చూసి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. మిఠాయి మాత్రం వదిలి వెళ్ళాడు. బాగానే ఉంది, తిన్నాను.

ఆ తట్ట ఎవరిదో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరికి స్టేషను ఉండేది అనడం కూడా ఎక్కువే. రెండు పాత పట్టాలు నిలబెట్టి వాటికి బిగించిన ఊరి పేరు బోర్డు, ఒక రేకుల గది, అందులో టికెట్లిచ్చే ఒక సన్నటి మనిషి, అంతే. చిన్న లైను, బొగ్గింజను. పొద్దున బెంగళూరు వెళ్ళే పాసింజరు, సాయంత్రం అదే తిరిగి వచ్చేది. ప్లాట్‌ఫారం లేదు. కంకర మీద నిలబడి చూస్తే పెట్టె మొదటి మెట్టు మన నడుము దగ్గర ఉంటుంది. మగవాళ్ళు కమ్మీ పట్టుకుని ఒక్క ఊపులో ఎక్కేసేవాళ్ళు. చీర కట్టుకుని, చంకలో మూట పెట్టుకుని ఎక్కాల్సిన వాళ్ళ సంగతి ఆ పెట్టె చేసినవాడికి తట్టి ఉండదు.

మాది నేతగాళ్ళ వీధి. తెలుగు మాట్లాడేవాళ్ళం, తరాల కిందట రాయలసీమ నుంచి వచ్చిన వాళ్ళమని చెప్పుకునేవాళ్ళం. ఇళ్ళల్లో పట్టుచీరలు నేసి బెంగళూరు వ్యాపారులకు ఇచ్చేవాళ్ళం. మగ్గం మీద కూర్చునేది ఎక్కువగా మగవాళ్ళు, నేసిన చీర తీసుకెళ్ళి ఇచ్చి, కొత్త పట్టు తెచ్చేది ఆడవాళ్ళు. ఈ ఏర్పాటు మా వీధిలో ఎప్పుడు మొదలైందో తెలియదు. మగవాడు మగ్గం దిగితే పని ఆగిపోతుంది, ఆడది దిగితే ఆగదు అని పైకి చెప్పేవాళ్ళు. అసలు సంగతి, వ్యాపారితో బేరమాడటం మా తాతలాంటి వాళ్ళకు చేతకాదు. ఆయన ఎదుటివాడు ఏమంటే దానికి తలూపేవాడు. మా అవ్వ తిమ్మక్క తల అడ్డంగా మాత్రమే ఊపేది.

అవ్వ వంటింట్లో పొయ్యి వెలిగించడంతో మా ఇంట్లో రోజు మొదలయ్యేది. బెల్లం కాఫీ కాగుతున్న వాసన, దానికింద ఎప్పుడూ పోని ముడిపట్టు వాసన. ముడిపట్టుకు ఒక వాసన ఉంటుంది, కొంచెం కమురు, కొంచెం పచ్చి. బయటివాళ్ళు మా ఇంట్లోకి వస్తే ముక్కు చిట్లించేవాళ్ళు, మాకు అది అన్నం వాసనంత మామూలు. అవ్వ నస్యం పీల్చి, రెండుసార్లు తుమ్మి, తెల్ల గుడ్డ పరిచి చీరలు మడిచేది. మడతకూ మడతకూ మధ్య చేతి తడి తగలకూడదని ముందు బియ్యప్పిండితో చేతులు రుద్దుకునేది. రాగిముద్ద, ఉలవల చారు తినేసి పొద్దు పైకెక్కకముందే బయటపడేది. మాది గడియారం లేని ఇల్లు. పాసింజరు అవతలి ఊరి దగ్గర కూత పెట్టిందంటే మా తాత మగ్గం ఆపి, "ఏమే, పోలేదా ఇంకా?" అనేవాడు. అవ్వ ఎప్పుడో పోయి ఉండేది.

బెంగళూరు వెళ్ళే ఆడవాళ్ళు పదకొండు మంది. వాళ్ళకొక పీట ఉండేది. పనస చెక్కతో వడ్రంగి దగ్గర చేయించిన రెండు మెట్ల పీట, రైలు పీట అనేవాళ్ళం. దాన్ని కంకర మీద వేసి, ఒకరు గట్టిగా పట్టుకుంటే, మిగతావాళ్ళు ఎక్కేవాళ్ళు. ఆ పట్టుకున్న మనిషి ఎలా ఎక్కుతుంది? ఎక్కదు. అదే ఆ పీట తంతు. రోజుకొకరి వంతు. వంతు వచ్చిన ఆమె ఆ రోజు బెంగళూరు వెళ్ళదు. పదిమందినీ ఎక్కించి, మూటలు అందించి, తన చీర పక్కింటామె చేతికిచ్చి, పీట నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతుంది. సాయంత్రం పాసింజరు వేళకు మళ్ళీ పీట తెచ్చి పదిమందినీ దించుకుంటుంది. తన చీరకు ఏం ధర పలికిందో అప్పుడు వింటుంది. పక్కింటామె చెప్పిన దానికి ఎదురు ప్రశ్న వేయకూడదు, అది మాట. నాకు తెలిసి ఎవరూ వేయలేదు. నేను ఆ తర్వాత చాలా ఆఫీసులు, చాలా సంఘాలు చూశాను. ఇంత నమ్మకంతో నడిచిన సంఘం ఒక్కటీ చూడలేదు.

నేను కాలేజీలో చేరాక పన్నెండో దాన్నయ్యాను. మా ఊళ్ళో బడి అయిపోయాక చదవాలంటే బెంగళూరే. మా నాన్న వద్దన్నాడు. ఆడపిల్ల రోజూ కంకర మీదనుంచి రైలెక్కి దిగడమా అన్నాడు. అవ్వ ఆయనతో వాదించలేదు. మర్నాడు నన్ను వెంట తీసుకెళ్ళి పీట మీదినుంచి ఎక్కించింది, అంతటితో ఆ చర్చ ముగిసింది. చదువుకునే పిల్లకు పీట వంతు లేదని ఆ పదకొండు మందీ తీర్మానించారు. నేను ఒక చేత్తో పుస్తకాలు పట్టుకుని, ఇంకో చేత్తో ఎవరో ఒకరి భుజం పట్టుకుని ఎక్కేదాన్ని. నా చదువు అలా ఆ భుజాల మీద సాగింది. ఇది మాట వరసకు అంటున్నది కాదు.

వానాకాలంలో ఒక ఉదయం పీట జారింది. రామక్క పైమెట్టు మీద ఉంది. మూట పైకెత్తి పట్టుకుంది, చీర తడవకూడదని. చేతులు ఖాళీగా ఉంటే కమ్మీ పట్టుకునేదే. పడింది, మణికట్టు విరిగింది. చీర మీద ఒక్క చుక్క బురద పడలేదు. ఇంట్లో పట్టు చుట్టేది, పోగులు అతికేది ఆ చేతులే. ఆ మణికట్టు సరిగ్గా అతకలేదు, రామక్క తర్వాత మళ్ళీ పోగు అతకలేదు. పీట జారిన రోజు వంతు మా అవ్వది.

అవ్వ ఆ రోజు అన్నం తినలేదు. తర్వాత నా చేత అర్జీ రాయించింది. మా ఊరికి ప్లాట్‌ఫారం కట్టించాలని పదకొండు వేలిముద్రలు వేయించి పెద్దాఫీసుకు పంపాం. చాలా రోజులకు జవాబు వచ్చింది. ఎక్కి దిగే జనం చాలరు కాబట్టి ఇలాంటి చోట్ల ప్లాట్‌ఫారం కట్టే పద్ధతి లేదని దాని సారాంశం. నేను మా అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. అందరూ అవ్వ వైపు చూశారు. అవ్వ నస్యం డబ్బీ మూసి, "వాళ్ళు కట్టకుంటే పోనీ. మన్ను ఉండాది, తట్టలు ఉండాయి, అమావాస్య ఉండాది. ఇంకేం కావల్ల?" అంది.

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు. ఆ రోజు పోగు ముట్టరు. నేతవాళ్ళకు నెలకు ఒకే ఒక్క సెలవు అది. ఆడవాళ్ళకు ఆ రోజు కూడా ఇంట్లో పని తప్పేది కాదనుకోండి, కానీ బెంగళూరు ప్రయాణం ఉండేది కాదు. అలా మా ప్లాట్‌ఫారం నెలకొక్క రోజు చొప్పున లేచింది. అమావాస్య పొద్దున తలస్నానాలు అయ్యాక పదిమంది తట్టలు, పారలు పట్టుకుని వెళ్ళేవాళ్ళు. చెయ్యి విరిగిన రామక్క కూడా వచ్చి, పాడుతూ కూర్చునేది. టికెట్లిచ్చే మనిషికి భయం, తన మీదికి వస్తుందని. వద్దనలేడు, ఎందుకంటే రోజూ వాళ్ళ చేతి కాఫీ తాగేవాడు. చివరికి కుర్చీని అటువైపు తిప్పుకుని గోడ చూస్తూ కూర్చున్నాడు. "నేనేమీ చూడలేదమ్మా," అన్నాడు. ఆ అమావాస్యలన్నీ అతను గోడే చూశాడు.

పొడవు ఎంత ఉండాలన్నది పెద్ద ప్రశ్న కాలేదు. ఆడవాళ్ళ పెట్టె ఎంతో అంత. దాన్ని ఎలా కొలవాలి? మా వీధిలో పడుగు చాపడానికి రెండు చివరలా రెండు రాళ్ళు పాతి ఉండేవి. నిలువు పోగులన్నీ వాటి మధ్య బిగించి సరిచేసేవాళ్ళు. మూడు చీరలకు సరిపడే పడుగు. అవ్వ ఆ రెండు రాళ్ళ మధ్య తాడు కట్టి కోసుకుని, ఒక ఉదయం పాసింజరు ఆగినప్పుడు ఆడవాళ్ళ పెట్టె పక్కన పరిచి చూసింది. జానెడు అటూ ఇటూగా సరిపోయింది. పెట్టె రెండు కొనల దగ్గరా మేకులు కొట్టింది. రైలు పెట్టె అంటే మూడు చీరలు అని మా వాళ్ళు తేల్చుకున్నారు. అంచుకు బండలు కావాల్సి వచ్చింది. అప్పుడప్పుడే కొన్ని ఇళ్ళల్లో గుంత మగ్గాలు పూడ్చేసి, నేల మీద నిలబెట్టే చట్రాల మగ్గాలు పెట్టుకుంటున్నారు. ఆ గుంతల అంచున పరిచిన బండలు పెకలించి తెచ్చారు. నేతగాడు కూర్చునే చోట బండ నున్నగా అరిగిపోయి ఉంటుంది. మా తాత కూర్చున్న బండ ఆ ప్లాట్‌ఫారానికి మొదటి బండ.

మట్టి పట్టాల పక్కనున్న కాలవ గట్టు నుంచి తవ్వారు. మూడో అమావాస్యకో నాలుగో అమావాస్యకో మిల్లు గుమాస్తా సైకిలు మీద వచ్చాడు. "ఎవురినడిగి తవ్వతా ఉండారు? ఇది మా సావుకారు నేల," అని అరిచాడు. కంచె అవతలిది మీ సావుకారుది, ఇది రైలు వాళ్ళ గట్టు అని అవ్వ చెప్పింది. అతను ఇద్దరు కూలీలను పిలిచి గుంత పూడ్చమన్నాడు. అప్పుడు మా వీధి చివర మూలింట్లో ఉండే ఆమె, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, తట్ట నెత్తిన పెట్టుకునే గుంతలోకి దిగి కూర్చుంది. పూడిస్తే నా మీదే పోయాలి అన్నట్టు కూర్చుంది. గుమాస్తా గట్టు మీద నిలబడి ఏదో అడిగాడు. ఆమె తలెత్తి ఏదో చెప్పింది. నేను అటువైపు, ప్లాట్‌ఫారం మట్టి మీద నీళ్ళు చల్లుతూ ఉన్నాను, ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. కూలీలు పారలు కింద పెట్టేశారు. పొద్దు వాలేదాకా ఆమె లేవలేదు. గుమాస్తా సైకిలెక్కి పోయాక లేచి, కూర్చున్న చోట మట్టినే తట్టలోకి ఎత్తుకుని తెచ్చి పోసింది. మిల్లు సావుకారు మళ్ళీ అడ్డు చెప్పలేదు.

పని పూర్తయిన అమావాస్య మధ్యాహ్నం ఆయనే వచ్చాడు, కుర్చీతో, ఫోటో తీసేవాడితో. ఎంత బాగా కట్టారో అని మెచ్చుకున్నాడు. కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు కొంచెం పక్కకు జరగండమ్మా అని ఫోటోవాడు అన్నాడు, వీళ్ళు జరిగారు. ఒక తట్ట జరగలేదు. అది మూలింటామెది. అంచున ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆ సాయంత్రం పీటకు పసుపు కుంకుమ పెట్టి, నీ పని అయిపోయిందమ్మా అని మా ఇంట్లో మూల కూర్చోబెట్టారు. మర్నాడు పొద్దున పదకొండు మందీ, పన్నెండో దాన్ని నేనూ, రాజవీధిలో నడిచినట్టు మా ప్లాట్‌ఫారం మీద నడిచి, అడుగు తీసి అడుగు వేసినంత సులువుగా పెట్టెలోకి వెళ్ళాం. మొదటిసారి అందరూ కలిసి బెంగళూరు వెళ్ళిన రోజు అది. ఎవరూ వెనక మిగలలేదు. ఆ పెట్టెలో ఆ ఉదయం జరిగిన గలాటా నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

సాయంత్రం తిరిగి వచ్చాం. డ్రైవరు కొత్త ప్లాట్‌ఫారం చూసి, మర్యాదగా దాని పక్కనే ఇంజను ఆపాడు. మూడు చీరల పొడవూ ఇంజనుకే సరిపోయింది. పొద్దున చివరి పెట్టె అయిన మా ఆడవాళ్ళ పెట్టె, సాయంత్రానికి ఇంజను వెనకాలే ఉంటుంది. మేం తలుపు దగ్గర నిలబడి కిందికి చూస్తే కంకర. పీట లేదు, అది పసుపు కుంకుమలతో ఇంట్లో ఉంది. పన్నెండు మందిమి పైన, మా చేతులతో మోసిన మట్టి ఒక పెట్టె అవతల. పీట ఉన్నన్నాళ్ళూ పెట్టె ఎక్కడ ఆగితే అక్కడికి పీట వచ్చేది కాబట్టి, పొద్దున ఆగే చోటు వేరు, సాయంత్రం ఆగే చోటు వేరు అని ఎవరికీ పట్టలేదు. కొలత పొద్దున మాత్రమే తీశారు. "నాడె ఎట్ల పోతే అట్లే కదా వెనక్కొచ్చేది, తల మార్చుకోదు కదా. రైలూ అట్లే అనుకుంటిమి," అని అవ్వ అంది. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెను చూస్తూ పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ తప్పు చేయరు. మగవాళ్ళు వెనక పెట్టెల్లోంచి తలలు బయటపెట్టి పగలబడి నవ్వారు. అవ్వ అందరికంటే ముందు చీర గోచీ బిగించి దూకింది, నేరుగా ఇంజను దగ్గరికి పోయింది.

"ఏమప్పా డ్రైవరూ, మేము మన్ను మోసింది నీ ఇంజనుకా? ఒక పెట్టె ముందుకు పోనీ."

"ప్లాట్‌ఫారం ఉంటే ఇటు వచ్చేటప్పుడు ఇంజను దాని దగ్గరే ఆపాలమ్మా, అదే రూలు," అన్నాడు అతను.

"నిన్నటి దాకా లేదు కదప్పా ప్లాట్‌ఫారం!"

"ఇప్పుడు ఉంది కదమ్మా," అన్నాడు. అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. మర్నాటినుంచి పీట మళ్ళీ మూలలోంచి లేచింది, వంతులు మళ్ళీ మొదలయ్యాయి. వచ్చిన అమావాస్యకు అవ్వ అదే తాడు తీసుకుని బెంగళూరు వైపు ఇంకో మూడు చీరలు కొలిచింది. ఈసారి నవ్విన మగవాళ్ళు కూడా పారలతో వచ్చారు, మా తాతతో సహా. ఆ రెండో సగం పూర్తయినప్పుడు కుర్చీ రాలేదు, ఫోటోవాడూ రాలేదు.

ఆ రోజులు బంగారం అని నేననను. విరిగిన రామక్క చెయ్యి నాకు గుర్తుంది. ఇప్పుడు ఆ స్టేషనులో పొడవాటి ప్లాట్‌ఫారాలు లేస్తున్నాయి, కరెంటు రైళ్ళు ఆగుతున్నాయి, గార్మెంటు ఫ్యాక్టరీలకు వెళ్ళే ఆడపిల్లలు ఫోన్లు చూసుకుంటూ అడుగు తీసి అడుగు వేసి ఎక్కేస్తున్నారు. బాగుంది, అలాగే ఉండాలి. పాత మట్టి తవ్వేశారని నాకు దిగులు లేదు. మట్టి పోతుంది, బండలు పోతాయి. కానీ చేసినవాళ్ళను చెరిపి కూర్చున్నవాణ్ణి అక్కడ నిలబెడతామంటే, నేను బతికుండగా ఒప్పుకోను.

మంజునాథ్ రెండోసారి వచ్చినప్పుడు కాగితం మీద ఒక వాక్యం రాసుకొచ్చాడు. 'స్థానిక మహిళల సహకారంతో' అని. ఆ రోజు మా అమ్మాయి శైలజ కూడా ఇంట్లోనే ఉంది, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"సహకారం కాదు మంజూ. కట్టింది వాళ్ళు. అడ్డుపడి, తర్వాత పడకపోవడం మీ తాత చేసిన సహకారం," అన్నాను.

అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, తాత అంటే ప్రేమ ఉన్నవాడు. "సరే అక్కా. ఒక పని చేస్తాము. మీ అవ్వ పేరు వేస్తాము. తిమ్మక్క గారి నాయకత్వంలో అని. మా తాత ఫోటో, మీ అవ్వ పేరు. ఇద్దురికీ న్యాయం అయితాది."

నిజం చెప్పొద్దూ, నాకు ఆశ పుట్టింది. బోర్డు మీద మా అవ్వ పేరు. వేలిముద్ర వేసిన మనిషి పేరు. శైలజ నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఒప్పుకో. ఇట్స్ ఎ విన్. ఒక్క పేరైనా ఉంటుంది కదా, లేకపోతే నథింగ్," అంది. దాని మాట తప్పని అనలేను. కానీ రోజుకొకరు వెనక నిలబడి పదిమందిని ఎక్కించిన వాళ్ళలోంచి ఒక్కదాన్ని పైకెత్తి చూపిస్తే, ఆ ఒక్కతీ మొదట నా మీదే కేకలు వేస్తుంది. "పదకొండు పేర్లూ వెయ్యి. లేకుంటే మా అవ్వదీ వద్దు," అన్నాను.

మంజునాథ్ జేబులోంచి పెన్ను తీశాడు. "చెప్పండక్కా. పదకొండూ చెబితే వేయిస్తాను. మా తాత మీద ఆన."

చెప్పాను. తిమ్మక్క. రామక్క. నాగమ్మ. ఓబులమ్మ. చౌడమ్మ. పుట్టమ్మ. మునెమ్మ. గౌరమ్మ. సరోజమ్మ. సాకమ్మ. అక్కడ ఆగిపోయాను. మూలింటామె పేరు నాకు తెలియదు. మూడేళ్ళు ఆమె భుజం పట్టుకుని రైలెక్కాను, మూలింటత్తా అని పిలిచాను, పేరు అడగలేదు. ఎక్కడినుంచో రెండో పెళ్ళి చేసుకుని తెచ్చిన మనిషి, పిల్లల్లేరు, వీధిలో అందరికీ ఆమె ఒక ఇంటి మూల మాత్రమే. మంజునాథ్ పెన్ను మూత పెట్టాడు. "చూసినారా అక్కా, మీకే తెలీదు," అన్నాడు. ఎగతాళిగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. వాళ్ళ తాత చేసిన పనికీ నేను చేసిన పనికీ ఆ నిమిషంలో నాకు పెద్ద తేడా కనపడలేదు. సిగ్గుపడ్డాను. కానీ ఓడిపోయానని ఒప్పుకోలేదు. రేపు చెబుతాను, పెన్ను దాచి ఉంచమన్నాను.

పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయాను. ఆ పదకొండు మందిలో ఇప్పుడు మిగిలింది సాకమ్మ ఒక్కతే, అందరిలోకీ చిన్నది. కళ్ళు కనిపించవు, చెవులు బాగా పనిచేస్తాయి. నా గొంతు విని, తిమ్మక్క మనవరాలివా అని నా మొహమంతా చేత్తో తడిమింది. మూలింటామె పేరు అడిగితే పెదవి విరిచింది.

"దానికి పేరు ఉండాదని ఎవురికి గ్యాపకం పాపా? మూలింటామె అనే అంటిమి. మొగుడు కూడా ఏమే అనే పిలిచె."

"గుంతలో కూర్చున్న రోజు నువ్వు పక్కనే ఉన్నావు కదా సాకత్తా. గుమాస్తా ఏదో అడిగాడు, ఆమె ఏదో చెప్పింది. ఏం చెప్పింది?"

సాకమ్మ మొహం మారింది. కోడలు తెచ్చిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. "అవును, అవును. వాడు గట్టు మీద నిలబడి, ఎవురే నువ్వు, నీ పేరేమి, సావుకారుకు చెప్తానుండు అనె. మేమంతా బెదిరి తలలు దించుకుంటిమి. అది మాత్రం తలెత్తి, తట్ట కింద నుంచి వాడి కండ్లల్లోకి చూసి తన పేరు చెప్పె పాపా. చెప్పుకోపో అనె. నేను విన్నది ఆ ఒక్కసారే."

ఆ పేరు నా చెవిలో చెప్పింది. నేను వీధిలోకి వచ్చి మంజునాథ్‌కు ఫోన్ చేశాను. కొత్త స్టేషను దగ్గరే ఉన్నానన్నాడు, వెనక మిషన్ల చప్పుడు. బోర్డు మీద వేస్తాడో లేదో నాకు తెలియదు. వేయకపోతే ప్రతి అమావాస్యకూ ఆ బోర్డు ముందు నిలబడి, ఎక్కే దిగే వాళ్ళందరికీ నేనే చదివి వినిపిస్తాను. పెన్ను తియ్యి మంజూ అన్నాను. తీశానక్కా అన్నాడు.

"పదకొండో పేరు అశ్వత్థమ్మ. రాసుకో."